కాటప్ప కంబళి

మొగుడు కాటప్పను మన్ను చేసినాక యశోదమ్మ ఏడవలేదు. ఏడుపు ఎప్పుడైనా ఏడవొచ్చు, ముందు ఆ కేశవమూర్తి పని పట్టాల అనుకునింది.

కేశవమూర్తి ఎవరంటారా? క్యాతగానచెర్లులో గొర్రెల వెనక తిరిగిన ఇంట్లో పుట్టినోడే. సోలార్ పలకలకు భూములిచ్చి జనం చేతిలో కౌలు డబ్బులు ఆడేసరికి కాషాయం కట్టి, మఠం పెట్టి సామి అయినాడు. మఠంలో చేరేటోళ్ళ దగ్గర సమర్పణ అని చెప్పి, సంతకం పెట్టిన ఖాళీ చెక్కు తీసుకునేటోడు. ఇది గురువుకీ శిష్యుడికీ నడుమ గుట్టు, పెండ్లానికి కూడా చెప్పొద్దనేటోడు. కాటప్ప అట్లే ఇచ్చినాడు, పిచ్చిమారాజు. ఏటేటా కౌలంతా మఠానికే పోసి, ఇంక నా వల్ల కాదు సామీ అన్నాడో లేదో, ఆ ఖాళీ చెక్కులో లక్షలు రాసుకొని, అప్పు ఎగ్గొట్టినాడని చెక్కు బౌన్సు కేసు వేసినాడు. వాకిట్లో పోలీసు నిలబడేసరికి ఆ మనిషి సిగ్గుతో కూడు మానేసినాడు. నెల తిరక్కుండానే పోయినాడు. దినాలు కాకముందే మఠం మనిషొచ్చి, ఆ అప్పు ఇప్పుడు నీ నెత్తిన ఉండాది, భూమి రాసియ్యకుంటే నిన్నూ కోర్టుకీడుస్తామని బెదిరించి పోయినాడు. వాని నోట్లో మన్ను పడ!

అమావాస్య భజనకు మఠం నిండింది. యశోదమ్మ మొగుడి నల్ల కంబళి చంకన పెట్టుకొని పోయింది. భజన ఆగినాక దాన్ని నడిమధ్యన పరిచి, పసుపు చల్లి, ముందర కర్పూరం వెలిగించింది. అంతే, జనమంతా వెనక్కి జరిగి చోటిచ్చినారు. గొర్రెల మందలోళ్ళకు అట్లా పరిచిన కంబళంటే దేవుని గద్దె. దాని మీద కూచొని అబద్ధమాడితే వంశం నిలవదని ఆడ అందరికీ తెలుసు.

"కూచో సామీ," అనింది. "'కాటప్ప నాకు బాకీ' అని ఒక్క మాట చెప్పు. ఈ పొద్దే భూమి రాసిస్తా."

కేశవమూర్తి నవ్వబోయినాడు. ఇవన్నీ మూఢనమ్మకాలన్నాడు, లోపలికి రా మాట్లాడుకుందామన్నాడు. ఎవరూ కదల్లేదు. ఇంక తప్పక లేచి, కంబళి అంచు దాకా వచ్చి, కాలెత్తి, మళ్ళా వెనక్కి తీసుకున్నాడు. ఎంత కాషాయం కడితే ఏం, కడుపులో భయం మాత్రం పుట్టినింటిదే.

అది చూసి జనంలో నుంచి రామలక్ష్మమ్మ లేచింది, నా దగ్గరా ఖాళీ చెక్కు తీసుకున్నాడని చెప్పింది. ఆమె వెనక నరసప్ప లేచినాడు, ఇంకా ఎవరెవరో లేచినారు. తామొక్కరే ఇరుక్కున్నామనుకొని ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నోళ్ళే అందరూ.

సామి చేతులు జోడించినాడు. కేసు పెట్టను, చెక్కులన్నీ తిరిగిచ్చేస్తా, ఆ కంబళి మడిచెయ్యి తల్లీ అన్నాడు.

"ఇయ్యొద్దప్పా. కేసు వెయ్యి. వీళ్ళంతా నాతో కోర్టుకొచ్చి నీ ఖాళీ చెక్కుల సంగతి చెప్తారు. నా వాకిట్లో నిలబడిన పోలీసు నీ వాకిట్లో నిలబడేది నేను చూడాల."

ఆ మాట అని, యశోదమ్మ తానే కంబళి మీద కూచొని, అప్పుడు ఏడ్చింది మొగుడి కోసం.