మూతకు టేపు

"మేడం, గంధం గిన్నె మీరు పట్టుకోండి. ఆడవాళ్ళు గుమ్మంలో నిలబడితే కళగా ఉంటాది," అన్నారు మా హెచ్.ఓ.డి. రమేష్‌బాబు గారు.

ఆ రోజు మా ఆత్మకూరు ఇంజనీరింగ్ కాలేజీకి ఒక మందుల ఫ్యాక్టరీ భద్రతా అధికారి వస్తున్నాడు. ఆయనకు చూపించబోయే ప్రయోగం నాది. నాలుగు నెలలు వంటింట్లో పాలపొడి డబ్బా, కొవ్వొత్తి, బియ్యప్పిండి పెట్టుకొని కుదుర్చుకున్నాను. కుప్పగా ఉన్న పిండి అంటుకోదు. గొట్టంతో ఊది డబ్బాలో దుమ్ములా లేపితే మాత్రం లోపలి కొవ్వొత్తి మంటకు భగ్గుమంటుంది, వదులుగా పెట్టిన మూత ఎగిరిపోతుంది. ఫ్యాక్టరీల్లో పొడి ఎలా పేలుతుందో పిల్లలకు పుస్తకం కంటే ఆ మూతే బాగా చెబుతుంది. "పిండి కాల్చేదానికి ఎం.టెక్. ఎందుకే," అని మా ఆయన సురేంద్రబాబు నవ్వేవాడు. "ఆ పిండితో రెండు దోసెలన్నా అయ్యేవి," అనేది అత్త హన్నమ్మ. నేనూ నవ్వేదాన్ని. నవ్వితే మాట అక్కడితో తెగిపోతుంది. ఇప్పుడు ప్రయోగం చేసి చూపించేది రమేష్‌బాబు గారట. పెద్దల ముందు పెద్దవాళ్ళే చేయాలట. దానికీ సరేనన్నాను. జూన్‌లో నా ఉద్యోగం కొనసాగాలంటే ఆయన సంతకం కావాలి.

అతిథి చేతికి గంధం రాశాను. ఆయన లోపలికి వెళ్ళాడు. నేను గుమ్మంలోనే ఉండిపోయాను.

రమేష్‌బాబు గారు కొవ్వొత్తి వెలిగించి డబ్బాకు మూత పెట్టారు. "మూత ఎగిరి సార్ మీద పడితే మన మర్యాద ఏం గాను? గట్టిగా చుట్టు," అని అటెండర్ వెంగయ్య చేత మూడు వరసలు టేపు వేయించారు.

మూతకు దారి లేకపోతే డబ్బా చీలుతుంది. టేబుల్ చుట్టూ ఏడుగురు పిల్లలు. ముఖాలు డబ్బాకు మూరెడు దూరంలో.

"సార్, టేపు వద్దు సార్. డబ్బా పగులుతాది," అంది సుస్మిత. మర్రిపాడు లారీ డ్రైవర్ కూతురు.

"ఏందమ్మా, మీ మర్రిపాడులో టపాకాయలు చూళ్ళేదా?"

అందరూ నవ్వారు. సుస్మిత తల దించుకొని తనూ నవ్వింది. ఆ నవ్వు నాకు తెలుసు. అది నాది.

అయినా గుమ్మంలోనే నిలబడ్డాను. జూన్ గుర్తొచ్చింది. చేతిలో గిన్నె ఎక్కడ పెట్టాలా అని కూడా ఆలోచించాను. రమేష్‌బాబు గారు గొట్టం నోట్లో పెట్టుకున్నారు.

గిన్నె నేల మీద పెట్టి నాలుగు అంగల్లో టేబుల్ చేరాను. డబ్బా నుంచి గొట్టం లాగేశాను.

"ఏంది మేడం ఇది?"

"ఊదితే రేకు చీలుతుంది సార్. పిల్లల కళ్ళు పోతాయి."

అతిథి వంగి టేపు తడిమి చూశాడు. వెంటనే రెండడుగులు వెనక్కి వేశాడు. "ఈమె చెప్పింది నిజం. దీన్ని తయారు చేసింది ఎవరు?"

రమేష్‌బాబు గారు వెంగయ్య వైపు చూశారు.

"మా కరుణశ్రీ మేడం," అంది సుస్మిత.

టేపు విప్పాను. పిల్లలను దూరం జరిపి, కళ్ళద్దాలు పెట్టించి, నేనే ఊదాను. మూత సీలింగ్‌ను తాకింది.

నాకంటే ముందు ఫోను ఇల్లు చేరింది.

"రమేష్‌బాబు సార్ ఫోన్ చేసినాడు. నలుగురిలో తల కొట్టేసినట్టు చేసినావంట. రేపు పోయి సారీ చెప్పేయ్, ఉద్యోగం నిలబడతాది," అన్నాడు సురేంద్రబాబు.

"నా మీద కోపముంటే నాకు చెప్పాల. మీకెందుకు చెప్పినాడు?"

హన్నమ్మ లోపల్నుంచి వచ్చింది. "పిల్లోళ్ళకు ఏం కాలేదు గదా?"

"ఏం కాలేదత్తా."

"ఇంకేంది మరి? నువ్వు పోయి టీ పెట్టు రా," అంది కొడుకుతో.

ప్రమాదం తృటిలో తప్పితే రాయాల్సిన కాగితం ఒకటుంటుంది. రేపు ఉదయం దాని మీద రమేష్‌బాబు గారి సంతకం అడుగుతాను. టేపు ఎవరు వేయించారో, ఎందుకు వేయించారో అంతా రాశాను. 'ఆపినవారు' అన్న గడిలో సుస్మిత పేరు రాశాను. దాని కింద ఇంకో గడి గీసి, 'ఆలస్యంగా ఆపినవారు' అని రాసి, నా పేరు పెట్టాను.