ఒకటో తరగతి ఆవిరి గొట్టాలు

పిల్లలూ, మనం వెల్డన్ ఊరికి ఇంత దూరం వచ్చేశాం కనుక ఈ కథ మీ చెవిన పడలేదు. ఇక్కడ మీ బడిలో వేడి చప్పుడు చెయ్యకుండా వస్తుంది. అమెరికాలోని నెబ్రాస్కాలో, మొక్కజొన్న చేల మధ్య ఉన్న వెల్డన్ బడిలో ఒకప్పుడు అలా ఉండేది కాదు.

లోరీన్ కుచేరా ధాన్యం గిడ్డంగిలో పనిచేసేది. లారీలు కాటా ఎక్కుతుంటే కిటికీలోంచి చూసి చీటీలు రాసిచ్చేది. చలికాలం వచ్చిందంటే మధ్యాహ్నం విరామంలో రోడ్డు దాటి బడికి వెళ్లేది. పిల్లలంతా భోజనానికి పోయి ఖాళీగా ఉన్న ఒకటో తరగతి గదిలో, గోడవారగా, ఒక చిన్న కుర్చీలో కూర్చునేది.

ఆ గోడకి ఇనుప గొట్టాలు ఉండేవి. అక్టోబరులో నేలమాళిగలో బాయిలర్ వెలిగించేవారు. ఆవిరి గొట్టాల్లోకి ఎక్కి గది వెచ్చబడగానే అవి చదవడం మొదలుపెట్టేవి. ఆ గదిలో చదువు నేర్చుకున్న ప్రతి బిడ్డ గొంతూ వాటిల్లో ఉండేది. అక్షరాల కింద వేలు పెట్టి కూడబలుక్కునే ఆరేళ్ల గొంతులు. తాతలైనవాళ్లు కూడా వచ్చి, తమ గొంతు విని, "అబ్బ, ఎంత సాగదీసేవాణ్ణో!" అని నవ్వుకుంటూ పొలం పనికి వెళ్లిపోయేవారు.

లోరీన్ కూతురు జోడి గొంతు కూడా అక్కడే ఉండేది. జోడి రక్తపు జబ్బుతో తొమ్మిదో ఏట పోయింది. గొట్టాల్లో మాత్రం ఇంకా ఒకటో తరగతిలోనే ఉంది, దీవికి ఈదుకుంటూ వెళ్లే బాతు కథ చదువుతూ. 'ఐలాండ్' అన్న మాటలో ఎస్ పలకకూడదని టీచరు ఎంత చెప్పినా, జోడి 'ఇస్‌లాండ్' అనే చదివేది. "రాశారు కదా దాన్ని, పలక్కపోతే పాపం అది ఏడవదూ?" అనేది.

ఊళ్లో పిల్లలు తగ్గిపోయారు. బడి మూసేసి, ఉన్నవాళ్లని బస్సులో దూరపు పట్నం బడికి పంపేద్దామన్న మాట మొదలైంది. అక్కడ బడిని నడిపేది ఊరివాళ్లు ఓటేసి ఎన్నుకున్న బోర్డు. అందులో సగంమంది మూసేద్దామన్నారు, సగంమంది ఉంచుదామన్నారు. ఒక స్థానం ఖాళీ అయింది. లోరీన్ దానికి నిలబడింది.

గిడ్డంగి మూశాక ఇల్లిల్లూ తిరిగింది. ముసలి ఎల్మర్ తలుపు సగమే తీశాడు.

"నాకు పిల్లల్లేరు. బడి పన్ను నేనెందుకు కట్టాలి?"

"నీ గుండె పట్టేస్తే అంబులెన్సు తోలేవాడికి మీ వీధి పేరు చదవడం రావాలా, వద్దా?"

"వచ్చినా వాడు ఆలస్యంగానే వస్తాడు," అన్నాడు ఎల్మర్. కానీ ఆమె పేరున్న ఎన్నికల అట్ట తీసుకుని తన వాకిట్లో మంచులో తనే పాతుకున్నాడు.

ఎన్నికకి ముందు బడి ఆటల హాల్లో విందు పెట్టారు. ఎప్పటిలాగే చిల్లీ అనే మాంసం, చిక్కుడుగింజల కూర, పక్కన దాల్చినచెక్క రొట్టె. డ్వేన్ హోల్‌స్టెన్ లేచాడు. అతను పాత బోర్డు సభ్యుడు, మూసేద్దామనే పక్షం. లోరీన్‌తో కలిసి ఆ బడిలోనే చదువుకున్నవాడు.

"అందరూ మొహమాటపడుతున్నారు గనక నేనే అడుగుతున్నా లోరీన్. నీకు కావలసింది బడా, జోడి గొంతా?"

లోరీన్ చెంచా కింద పెట్టింది.

"తెలీదు డ్వేన్," అంది లోరీన్. "రెండూ ఒక్క గదిలోనే ఉన్నాయి. విడదీసి చూసుకోవలసిన అవసరం ఇంతవరకూ రాలేదు."

ఆ జవాబుకే ఓట్లేశామని తర్వాత చాలామంది చెప్పుకున్నారు. లోరీన్ గెలిచింది. ఆమె ఓటుతో బడి నిలబడింది.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం జోడి బాతు కథ చదువుతోంది. 'ఇస్‌లాండ్' దాటాక, దగ్గింది.

ఆ చదువులో ఊపిరి ఎక్కడ తీసుకుంటుందో, పేజీ ఎక్కడ తిప్పుతుందో లోరీన్‌కి తెలుసు. అందులో దగ్గు ఎప్పుడూ లేదు. తర్వాతి గొంతు కూడా దగ్గింది. ఆ తర్వాతిదీ దగ్గింది. లోరీన్ గొట్టం పక్క గోడ మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయింది. నోరు విప్పిందంటే బాయిలర్ ఆర్పేస్తారు. పాతకాలపు బాయిలర్, లోపం ఉందని ఆర్పితే తనిఖీవాళ్లు మళ్లీ వెలిగించనివ్వరు. ఆ సంగతీ ఆమెకి తెలుసు.

పిల్లలు భోజనం నుంచి వచ్చారు. ఆనా అనే పాప కూర్చుంటూనే బల్ల మీద తల వాల్చేసింది.

"ఈ వారమంతా ఇంతేనండీ," అంది టీచరు మిస్ బెక్లర్. "అందరికీ తలనొప్పే. జలుబు జ్వరం తిరుగుతున్నట్టుంది."

లోరీన్ లేచింది. "పిల్లల్ని బయటికి తీసుకెళ్లండి. ఇప్పుడే. చలికోట్లు నేను తెస్తాను."

"ఏమైందండీ?"

"జోడి దగ్గుతోంది."

మిస్ బెక్లర్ గబగబా ఆనాని ఎత్తుకుని, మిగతావాళ్లని తలుపు వైపు తోలింది. లోరీన్ కోట్లు చేతులనిండా పోగుచేసుకుని వెనకాలే వెళ్లింది. జోడి ఇంకా చదువుతూనే ఉంది. లోరీన్ వెనక్కి తిరగలేదు.

బాయిలర్ పగిలిందని, వాసన లేని విషపు గాలి గదుల్లోకి వస్తోందని తేలింది. "ఇంకొక్క రోజు ఆగుంటే," అన్నాడు పరీక్ష చేసినాయన.

ఆ వారం బోర్డు సమావేశమైంది.

"ఇంక వాదనెందుకు? కొత్త బాయిలర్ మన వల్ల కాదు. మూసేద్దాం," అన్నాడు డ్వేన్.

"బాయిలర్ వద్దు," అంది లోరీన్. "గొట్టాలు పీకించేసి కరెంటు హీటర్లు పెట్టిద్దాం. ఆ ఖర్చు మనం తట్టుకోగలం."

డ్వేన్ టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "పీకేస్తే మరి..."

"తెలుసు."

"నా గొంతూ అందులోనే ఉంది లోరీన్. వినడానికి ఎప్పుడూ వెళ్లలేదు. నత్తి కదా నాకు, అందరూ నవ్వేవాళ్లు."

"నేను విన్నాలే. బాగానే చదివేవాడివి."

ఓటు అడిగినప్పుడు మొదట లేచిన చెయ్యి డ్వేన్‌దే.

వేసవిలో గొట్టాలు తీసుకుపోయారు. అక్టోబరులో హీటర్లు పెట్టిన రోజు ఊరివాళ్లు అలవాటు కొద్దీ వచ్చి ఒకటో తరగతి గదిలో గోడవారగా నిలబడ్డారు. గది వెచ్చబడింది, అంతే. ఎవరూ ఎవరి వంకా చూసుకోలేదు. ఇంతమంది పెద్దవాళ్లు ఎందుకొచ్చారో అర్థం కాక, కొత్తగా చేరిన ఒక పాప, తనని చదవమంటున్నారేమో అనుకుని పుస్తకం తెరిచింది. తప్పులతడకగా ఒక పేజీ చదివింది. లోరీన్ గుమ్మంలో నిలబడి ఆ పేజీ అయ్యేదాకా విని, పనికి వెళ్లిపోయింది. ఆ గదిలోకి మళ్లీ వెళ్లలేదు. బోర్డు సమావేశం మాత్రం ఒక్కటీ మానలేదు.

పిల్లలూ, తలనొప్పిగా ఉంటే దాచుకోకండి, టీచరుకి చెప్పండి. జోడి గొంతు ఇప్పుడు ఏ గోడలోనూ లేదు. అందుకని ఆ పిల్ల పేరు, ఆ పిల్ల చదివిన తీరు, మీ పక్కన కూర్చునేవాళ్లకి ఒకసారి చెప్పండి. వాళ్లని ఇంకొకరికి చెప్పమనండి.