నలభై ఐదున్నర లింకులు

నేను ఒక సర్వే గొలుసుని. ఒంటి పొడవు అరవై ఆరు అడుగులు. వంద లింకులు, రెండు కొసలకీ రెండు ఇత్తడి పిడులు, పది లింకులకొక ఇత్తడి బిళ్ల. క్రికెట్ ఆడేవాళ్లకు ఒక సంగతి చెబితే నోరు వెళ్లబెడతారు. ఆ చివర వికెట్లకూ ఈ చివర వికెట్లకూ మధ్య దూరం సరిగ్గా నా పొడవే. నన్ను చూసే ఆ దూరం పెట్టారని నేను అనను గాని, ఎవరైనా అంటే కాదనను.

కలకత్తాలో ఒక కార్ఖానాలో పుట్టాను. ఉక్కు తీగను ముక్కలుగా కోసి, ప్రతి ముక్కకూ రెండు చివర్లా కన్నాలు తిప్పి, ఉంగరాలతో కలిపి, చివరికి రెండు గుర్తుల మధ్య సాగదీసి పడుకోబెట్టారు. వెంట్రుకవాసి తేడా లేదని తేలాక ముద్ర కొట్టారు. మనుషులకు పుట్టగానే ఇలాంటి పరీక్ష పెట్టరు. అందుకే తర్వాత ఇన్ని తగువులు పడతారని చాలాకాలం అనుకునేదాన్ని.

రైలెక్కి విజయనగరం సర్వే ఆఫీసుకు వచ్చాను. గొలుసు మోసి, లాగి పట్టుకునే ఉద్యోగిని అక్కడ చైన్‌మన్ అంటారు. నాకు ముగ్గురు దొరికారు. మొదటివాడు నన్ను పెరట్లో కట్టి పంచెలు ఆరేసుకున్నాడు. రెండోవాడు బద్ధకస్తుడు, నా కీళ్లలో బురద కడిగిన పాపాన పోలేదు. కీళ్లలో బురద చేరితే నేను కాస్త పొట్టినవుతాను, నేను పొట్టినయితే కాగితం మీద పొలాలు పెరుగుతాయి. వాడి బద్ధకం వల్ల ఎంతమంది ఆసాములు తెలియకుండా ధనవంతులయ్యారో దేవుడికే ఎరుక. మూడోవాడు గౌరీసు. అతనితో ముప్పై ఒక్క ఏళ్లు కాపురం చేశాను. ఆ మాట అంటే అతని పెళ్లాం నూకాలుకు కోపం వస్తుందేమో గాని, అతను ఇంట్లో కన్నా నాతోనే ఎక్కువ ఉన్నాడు.

గౌరీసు పని దిగగానే నన్ను కిరసనాయిలు గుడ్డతో లింకు లింకూ తుడిచేవాడు. నెలకొకసారి ఆఫీసు ఆవరణలో ఉన్న రెండు కొలత రాళ్ల మధ్య పరిచి, సాగానా కుంగానా అని చూసేవాడు. మాటలు తక్కువ. గట్ల దగ్గర రైతులు అరుచుకుంటుంటే ఒకటే మాట అనేవాడు, "గొలుసెంత సెప్తే అంతే." ఆ మాట వింటే నా వంద లింకులూ జలదరించేవి. తర్వాత ఆఫీసులో బల్ల దగ్గర కూర్చుని ఎవరు ఏ అంకె ఎలా దిద్దారో నాకు అనవసరం. అది కలం చేసిన పని. పొలంలో నేనూ గౌరీసూ ఉన్నంతసేపు అబద్ధం లేదు.

ఒక ఎండాకాలం గౌరీసు బావమరిది ఎర్రునాయుడి పొలం కొలతకు వచ్చింది. పక్కపొలం ఆసామికీ ఎర్రునాయుడికీ మధ్య ఒక నుయ్యి ఉంది. అది ఎవరిదన్నదే తగువు. పక్కపొలం చివరి రాయి నుంచి నన్ను పరిచారు. ఎర్రునాయుడి హద్దు నూతికి మూడు లింకులు ఇవతలే ఆగిపోయింది. మూడు లింకులంటే మీ లెక్కలో రెండడుగులు. సర్వేయరు మంచివాడే, అతని మనసు కూడా పీకింది. గొలుసు కాస్త వదులుగా పట్టమని, తాను చూడనని గౌరీసు చెవిలో చెప్పాడు. గౌరీసు నన్ను ఇంకాస్త బిగించి పట్టాడు. నుయ్యి పక్కవాడికి పోయింది. నీళ్లు లేని చేనుతో ఎర్రునాయుడు రెండేళ్లు తన్నుకులాడి, చివరికి జూట్ మిల్లులో కూలికి కుదిరాడు. నూకాలు మొగుడితో నెల రోజులు మాట్లాడలేదు. ఎర్రునాయుడు ఆరేళ్లు వాళ్ల గుమ్మం తొక్కలేదు. ఏడో ఏడు ఎందుకో తనంతట తనే వచ్చాడు. బావా అన్నాడు, అన్నం తిన్నాడు, వెళ్లాడు. ఎందుకు వచ్చాడో నాకు అప్పుడు అర్థం కాలేదు.

తర్వాత మూడు కాళ్ల మీద నిలబడి కంటితోనే కొలిచే యంత్రాలు వచ్చాయి. నన్ను పనికిరాని సామాన్ల జాబితాలో రాశారు. గౌరీసు అదే ఏడు రిటైరయ్యాడు, అడిగి నన్ను ఇంటికి తెచ్చుకుని గోడకు మేకు కొట్టి వేలాడదీశాడు. నా కథ అక్కడితో అయిపోయి ఉంటే ఎంత బాగుండేది.

కాలేజీ వ్యాయామ ఉపాధ్యాయుడు స్టీఫెన్ మాస్టారు మా మీదికి వచ్చిపడ్డాడు. ఆయనకు అమెరికన్ ఫుట్‌బాల్ అనే కొత్త పిచ్చి పట్టింది. ఊళ్లో ఎవరూ కళ్లతో చూడని ఆట. అయినా కుర్రాళ్లను పోగేసి ఏడాదిపాటు కుమ్మించి, విశాఖపట్నం జట్టును జూట్ మిల్లు మైదానానికి ఆటకు పిలిచాడు. ఆ కుర్రాళ్లలో, అప్పటికే చనిపోయిన ఎర్రునాయుడి కొడుకు దుర్గేష్ కూడా ఉన్నాడు. అంతా సిద్ధమయ్యాక ఒక లోటు బయటపడింది. ఈ ఆటలో పది గజాలు కొలిచే గొలుసు ఒకటి కావాలట. తెప్పించినది సమయానికి రాలేదు. చైన్‌మన్ గౌరీసు ఇంట్లో గొలుసుందని దుర్గేషే చెప్పాడు.

మాస్టారు అరుగు మీద కూర్చుని ఆట నేర్పాడు. ఒక జట్టు దగ్గర బంతి ఉంటుంది. వాళ్లకు నాలుగు ప్రయత్నాలు. నాలుగింటిలో పది గజాలు ముందుకు పోతే మళ్లీ నాలుగు ఇస్తారు, పోలేకపోతే బంతి అవతలివాళ్లకు ఇచ్చేయాలి. అందిందో లేదో అనుమానం వస్తే గొలుసు తెచ్చి అందరి ముందూ కొలుస్తారు. ఆ మాట దగ్గర గౌరీసు చుట్ట ఆర్పేశాడు.

"కొలిసాక ఒప్పుకుంటారేటి?" అని అడిగాడు.

ఒప్పుకోక చస్తారా అన్నాడు మాస్టారు. ఎంత మొనగాడైనా సరే, అందలేదని గొలుసు చెబితే బంతి కింద పెట్టి పోవలసిందే, కాగితమూ లేదు అప్పీలూ లేదు అన్నాడు. గౌరీసు ముప్పై ఒక్క ఏళ్లు కొలిచి, ఏ కొలతనూ అక్కడికక్కడ ఒప్పుకున్న మనిషిని చూడనివాడు. ఆ సాయంత్రం నన్ను దించి కొత్త పెళ్లికూతురిలా తయారుచేశాడు. పది గజాలంటే నాలో నలభై ఐదు లింకులు, ఇంకొక లింకులో సగం కన్నా వెంట్రుక తక్కువ. అక్కడ ఎర్ర గుడ్డ కట్టాడు. కట్టి, విప్పి, మళ్లీ కొలిచి కట్టాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం మైదానం నిండిపోయింది. జనానికి ఆట ముక్క అర్థం కాలేదు. బంతి రెండు వైపులా మొన తేలి ఉంది, దాన్ని కాలితో తన్నేది తక్కువ, చంకలో పెట్టుకుని పరిగెత్తేది ఎక్కువ. తలకు డిప్పలూ భుజాలకు దిండ్లూ కట్టుకున్న కుర్రాళ్లు వంగి ఎదురెదురుగా నిలబడి, ఈల వేయగానే ఒకరి మీద ఒకరు పడి, ఒక్క అడుగు జరిగారో లేదో లేచి, గుండ్రంగా చేరి గుసగుసలాడుకుని మళ్లీ పడేవారు. మిల్లు కార్మికులు ముందు నవ్వారు, తర్వాత విసుక్కున్నారు, ఒక గంట గడిచేసరికి ఎందుకో తెలియకుండానే నిలబడి కేకలేయడం మొదలుపెట్టారు. గౌరీసుకు మాత్రం మొదటి పావుగంటలోనే ఆట తెలిసిపోయింది. ఇది గట్టు తగువు. ఇవతలివాడు గట్టు జరపాలంటాడు, అవతలివాడు జరగనివ్వనంటాడు. మధ్యలో మేము.

నా వెనక కొస పిడి విశాఖపట్నం జట్టు మనిషి పట్టుకున్నాడు, ముందు ఎర్ర గుడ్డ దగ్గర గౌరీసు. నాలో మిగిలిన సగం చుట్టలుగా అతని చేతిలో ఉంది. ఆ రోజు మూడుసార్లు మమ్మల్ని మైదానం మధ్యకు పిలిచారు. మొదటిసారి మనవాళ్లకు జానెడు తక్కువ వచ్చింది. గౌరీసు రిఫరీకి చూపించి తల అడ్డంగా ఊపాడు. ఎద్దుల్లాంటి కుర్రాళ్లు నోరెత్తకుండా బంతి వదిలి వెళ్లిపోయారు. గౌరీసు కళ్లలో నీళ్లు తిరిగాయి. నా సంగతి చెప్పనే అక్కర్లేదు. నా బతుక్కి ఇంతకాలానికి న్యాయం జరిగిందనిపించింది.

రెండోసారి అవతలివాళ్లకు అందింది, ఇచ్చాం.

మూడోసారి ఆట ముగియడానికి రెండు నిమిషాలుంది. మనవాళ్లు నాలుగు పాయింట్లు వెనకబడి ఉన్నారు. నాలుగో ప్రయత్నం. బంతి దుర్గేష్‌కు ఇచ్చారు. వాడు తల వంచి మనుషుల గోడలోకి దూరాడు, వాడి మీద పదిమంది పడ్డారు. ఒక్కొక్కరినీ లాగి తీస్తే అడుగున వాడు బంతిని కావలించుకుని బోర్లా పడి ఉన్నాడు. ముక్కు పగిలి నెత్తురు కారుతోంది. రిఫరీ బంతి ఉన్న చోటు గుర్తుపెట్టి మమ్మల్ని పిలిచాడు.

వెనక కొస గుర్తు మీద పెట్టారు. గౌరీసు ముందుకు లాగాడు. ఎర్ర గుడ్డ బంతి మొనను దాటి నాలుగు వేళ్ల అవతలికి వస్తోంది. అంటే అందలేదు. అది నాకు తెలిసిపోయింది, గౌరీసుకు నాకంటే ముందే తెలిసిపోయింది. బంతి పక్కన నేల మీద పడున్న దుర్గేష్ తల ఎత్తి మావయ్య మొహంలోకి చూశాడు. వాడి మొహం అచ్చు వాళ్ల నాన్న మొహమే.

అప్పుడు గౌరీసు గుడ్డకు ఇవతల ఉన్న నా లింకును పిడికిట్లోకి తీసుకున్నాడు. మడిచాడు. చుట్టల చాటున, బొటనవేలు కింద నొక్కిపెట్టి, మిగిలిన నన్ను బిగించి లాగాడు. నేను బిగిశాను. బిగించి లాగితే బిగియడం తప్ప గొలుసుకు ఇంకేం చేతనవుతుంది? గుడ్డ బంతి మొనకు ఇవతలే ఆగింది. రిఫరీ చెయ్యెత్తి ముందుకు చూపించాడు. విశాఖపట్నం మనిషి పిడి వదిలేసి, ఒక్క మాట అనకుండా తల వంచుకుని నడిచిపోయాడు. గొలుసు చెప్పింది కదా మరి.

నాకు తల కొట్టేసినట్టయింది. నన్ను బురదలో ఈడ్చారు, ఎండలో కాల్చారు, నా మీద పంచెలు ఆరేశారు, అన్నీ పడ్డాను. ఇది మాత్రం పడలేకపోయాను. అది కూడా ఎవరో దారినపోయేవాడు చేసుంటే వేరు. నన్ను తుడిచిన చెయ్యే నన్ను మడిచింది. సొంత బావమరిది బతుకు బుగ్గవుతుంటే మడవని లింకును ఒక ఆటకు మడిచాడు.

తర్వాతి రెండో ప్రయత్నంలో దుర్గేష్ చివరి గీత దాటాడు, దానికి ఆరు పాయింట్లు. మనవాళ్లు గెలిచారు. జనం వాడిని భుజాల మీదకెత్తుకున్నారు. గౌరీసు మైదానం అంచున కూర్చుని నన్ను చుట్ట చుట్టాడు. తుడవలేదు.

వారం తిరక్కుండా కాలేజీలో సన్మానం పెట్టారు. గౌరీసుకు శాలువా కప్పారు. నన్ను అడిగి తీసుకుని వ్యాయామ గదిలో అద్దాల బీరువాలో, గెలిచిన కప్పు పక్కన పెట్టారు. 'మన తొలి విజయాన్ని కొలిచిన గొలుసు' అని కింద అట్టముక్క మీద రాశారు. అరవై ఏళ్లు నిజం చెబితే పనికిరాని సామాను అన్నారు. ఒక్క అబద్ధానికి అద్దాల మేడ కట్టించారు.

సన్మానం అయ్యాక అందరూ టిఫిన్ల దగ్గరికి వెళ్లారు. గదిలో గౌరీసు ఒక్కడే బీరువా ముందు నిలబడ్డాడు. దుర్గేష్ వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. వాడి ముక్కు మీద ఇంకా పట్టీ ఉంది.

"మావయ్యా, బంతి అందలేదు. నేను నీ పిడికిలి చూశాను."

గౌరీసు కాదనలేదు. "మీ నాన్నకి సెయ్యనేనిది నీకు సేసినాను. ఇన్నేళ్ల బరువురా అది."

తనకు కూడా నోరు తెరిచే ధైర్యం లేకపోయిందని, గెలుపంటే ఆశపడ్డానని దుర్గేష్ ఒప్పుకున్నాడు. ఆ వారం రోజులూ నిద్రపట్టలేదన్నాడు.

"మా నాన్న ఆరేళ్లు మీ ఇంటికి రాలేదు. మళ్లీ ఎందుకొచ్చాడో తెలుసా? 'మా బావ దేవుడడిగినా తప్పు కొలవడు, నుయ్యి మనది కాదు గావాల' అనుకొని వచ్చాడు. మిల్లులో గోనెలు మోసినన్నాళ్లూ అదే మాట. పోయిన రోజు కూడా మా అమ్మకి అదే చెప్పాడు. నువ్వు కొలత మార్చగలవని తెలిస్తే ఆయన ఎలా బతికుండేవాడు మావయ్యా?"

గౌరీసు బీరువా అంచు పట్టుకున్నాడు. "నుయ్యి మీది కాదురా. నిజింగా మూడు లింకులు అవతలుంది. నమ్మరా."

"ఇప్పుడెలా నమ్మీది?"

"గొలుసు ఇక్కడే ఉంది. పట్టుకెళ్లి కొలుసుకో."

దుర్గేష్ అద్దంలోంచి నన్ను చూశాడు. వాడికి కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

"రెండో కొస ఎవరు పట్టుకుంటారు మావయ్యా?"

గౌరీసు భుజం మీది శాలువా తీసి, నాలుగు మడతలు పెట్టి కుర్చీ మీద ఉంచి, వాడి పక్కనుంచే బయటికి నడిచాడు. మళ్లీ రాలేదు.

కొత్తగా చేరిన కుర్రాళ్లకు స్టీఫెన్ మాస్టారు నన్ను చూపించి ఆ రోజు కథ చెబుతుంటాడు. దుర్గేష్ ఆ సమయంలో గదిలో ఉంటే బయటికి వెళ్లిపోతాడు. నేను వింటూ ఉంటాను. నుయ్యి అవతలే ఉంది, మూడు లింకులు, నేను కొలిచాను, నాకు తెలుసు. నాకు నోరు లేదు. నా తరఫున ఆ మాట చెబితే నమ్మదగ్గ మనిషి లోకంలో ఒక్కడుండేవాడు. అతను ఆ నమ్మకాన్ని నాలుగు వేళ్ల జాగా కోసం ఖర్చుపెట్టేశాడు.