గులాబీ కాగితం వెనక పసుపు

ఆగండి, వెళ్లిపోకండి, చేతిలో పనుంటే కాసేపు పక్కన పెట్టండి. పూర్తిగా వినేదాకా నన్నేమీ అనకండి. విన్నాక ఏమైనా అనండి, పడతాను.

నా పేరు మోనిక. కోయంబత్తూరులో కాన్వెంట్ హాస్టల్లో ఉండి చదువుకున్నాను. ఇప్పుడు ఉడుమలైపేట దగ్గర మా కాలనీలో మా అవ్వ రామాయితో ఉంటున్నాను. ఎనభై ఇళ్ల కాలనీ, ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. ఊళ్లో కొబ్బరి తోపులన్నీ రాజ్‌మోహన్‌వి. వాళ్లింట్లోనూ తెలుగే, తరాల నుంచీ. కాలనీలో అందరూ ఆయన్ని ముదలాళి, అంటే యజమాని, అనే పిలుస్తారు, ఎందుకంటే సగం మందికి కూలి ఇచ్చేది ఆయనే.

ఈసారి పంచాయతీ ప్రెసిడెంట్ సీటు మా ఎస్సీ కులాల ఆడవాళ్లకి రిజర్వ్ అయింది. ముదలాళి వెంటనే తన ఇంట్లో గిన్నెలు తోమే అమరావతితో నామినేషన్ వేయించాడు. మా తరఫున పాండీశ్వరక్క నిలబడింది. ఊరి మురుగు కాలువలు తీసే ఉద్యోగం ఆమెది, నామినేషన్ కోసం దాన్ని వదిలేసింది. అంత పంతం ఒకే ఒక్క దాని కోసం, శ్మశానం దారి. ఆ దారి రికార్డుల్లో పంచాయతీదే, కానీ తోపు మధ్యలోంచి పోతుంది. మూడేళ్ల కింద ముదలాళి దానికి అడ్డంగా కంచె వేశాడు. పోయిన వానాకాలం పాండీశ్వరక్క అమ్మ చనిపోతే పాడెని వాగులోంచి నడుములోతు నీళ్లలో మోశారు. మధ్యలో ఒకాయన కాలు జారి పాడె ఒక వైపు మునిగింది. అక్క ఆ రోజు ఏడవనేలేదు. మర్నాడు పొద్దున్నే వచ్చి మా గుమ్మంలో నిలబడింది.

"పాపా, నువ్వు చదివినదానివి గదా. ప్రెసిడెంటు కావాలంటే ఏమి చెయ్యాల?"

నాకు ఒళ్లంతా పులకరించింది. నియమాలన్నీ డౌన్‌లోడ్ చేసుకుని రాత్రీ పగలూ చదివాను. డమ్మీ బ్యాలెట్లు ప్రింట్ చేయించాను. రోజూ సాయంత్రం ఆడవాళ్లందర్నీ కూర్చోబెట్టి నేర్పించాను, ముద్ర ఒక్కటే వేయాలి, మన గుర్తు తాళం చెవి మీదే వేయాలి, వేలిముద్ర వేయకూడదు, పేరు రాయకూడదు, కాగితం ముందు వైపు ఇంకేమీ పడకూడదు, ఆరాక ఇలా మడవాలి.

"ఓయమ్మా, ఇంత జాగ్రత్తగా నా మొగుడిని కూడా చూసుకోలేదే, చూసుంటే వేరేవాణ్ణి చేసుకుందును!" అంది పళనియమ్మత్త. అందరూ పడీపడీ నవ్వారు. ఆమె ముదలాళి తోపులో కొబ్బరికాయలు వలుస్తుంది, పక్కనే మొగుడు కూడా.

ఓటింగ్ రోజు పొద్దున మా అవ్వ గుమ్మంలో పళ్లెం పెట్టుకుని కూర్చుంది. పళ్లెంలో పసుపు, ఎండిపోకుండా ఆముదం కలిపింది. మా ఇళ్లలో కొత్త కాగితం ఏదొచ్చినా మూలకి పసుపు పెట్టాల్సిందే. కొత్త నోటుబుక్కుకి పెడతారు, పెళ్లిపత్రికకి పెడతారు, రేషన్ కార్డుకీ పెట్టారు. నా ప్లస్ టూ హాల్ టికెట్‌కి కూడా అవ్వ పెట్టింది, ఎవరూ ఏమీ అనలేదు. మా వీధి మనిషి పేరు అచ్చయిన మొదటి ఓటు కాగితం ఇది. దానికి పెట్టకుండా ఎలా ఊరుకుంటుంది?

"ఎడమ చెయ్యి వేలికి వాళ్లు సిరా పెడతారు, కుడి చెయ్యి ఉంగరం వేలికి నేను పసుపు పెడతాను," అంది అవ్వ. "లోపలికి పోయినాక మూలకి తాకించండి, సాలు. ముందుపక్క ఏమీ పడగూడదని పాప చెప్పింది, ఎనకపక్కనే పెట్టండి."

వరసగా వచ్చారు, వేలు ముంచారు, నవ్వుతూ బూత్‌కి నడిచారు. నేను వీడియో తీశాను, అంత ముద్దుగా ఉంది ఆ దృశ్యం. నలభై ఏడు సెకన్లు, ఇరవైరెండు మంది, ప్రతి మొహం స్పష్టంగా. గెలిచాక స్టేటస్ పెడదామని దాచుకున్నాను. తర్వాత నేనూ వేలు ముంచాను. నియమాలన్నీ బట్టీ పట్టిన నేను, వెనక వైపు మూలకి నేనూ తాకించాను. ఒక్క క్షణం కూడా అనుమానం రాలేదు.

లెక్కింపు ఉడుమలైపేటలో ఒక బడిలో జరిగింది. పాండీశ్వరక్క లోపలికి రానంది. "ఆడ అంతా చదువుకున్నోళ్ల పని. నువ్వు పో కన్నూ, నేను గేటు బయట ఉంటాను." గేటు దగ్గర ఫోన్ ఇచ్చేసి టోకెన్ తీసుకుని నేను ఏజెంటుగా లోపలికి వెళ్లాను. టేబుల్ చుట్టూ తాడు కట్టారు, తాడు ఇవతల నేను, నా పక్కనే అమరావతి ఏజెంటు. అతను శరత్‌కుమార్, ముదలాళి కొడుకు. తెల్ల చొక్కా, మోచేతి దాకా మడిచిన చేతులు. అమరావతి మాత్రం బయట కార్లో కూర్చుని ఉంది.

పెట్టె సీలు మాకు చూపించి తెరిచారు. కాగితాలు బల్ల మీద కుప్పగా పడ్డాయి, వార్డు మెంబరు, ప్రెసిడెంటు, మండలం లాంటి యూనియన్, జిల్లా, ఒక్కో పదవికి ఒక్కో రంగు. ముందు రంగులు వేరుచేశారు. బూత్‌లో రాసిచ్చిన సంఖ్యతో సరిచూసి, యాభై యాభై చొప్పున రబ్బరు బ్యాండ్లు వేశారు. ప్రెసిడెంటువి గులాబీ రంగు. వాటిని గుర్తుల వారీగా ట్రేల్లోకి విడదీస్తుంటే నా కళ్లు తాళం చెవి ట్రే మీదే ఉన్నాయి. అది ఎత్తు పెరుగుతూ పోయింది. మధ్యాహ్నం మూడింటికి లెక్క తేలింది. పాండీశ్వరి నాలుగొందల అరవై ఒకటి, అమరావతి నాలుగొందల నలభై ఏడు. పద్నాలుగు ఎక్కువ! గట్టిగా అరవబోయి నోరు మూసుకున్నాను.

"సార్, వెనక్కి తిప్పి చూడండి," అన్నాడు శరత్‌కుమార్ తమిళంలో.

కాగితం వెనక బూత్ అధికారి సంతకం ఉందో లేదో చూడటం ఎలాగూ చివరి పనే. సిబ్బంది తిప్పడం మొదలుపెట్టారు. సంతకం ఉంది. కింద కుడి మూలలో ఒక పసుపు చుక్క కూడా ఉంది. ఇంకో కాగితం, అక్కడే. ఇంకోటి, అక్కడే. మొత్తం ఇరవైమూడు. ఇరవైఒకటి మా ట్రేలో, రెండు అమరావతి ట్రేలో. పళ్లెంలో వేలు ముంచి, నవ్వి, వెళ్లి అటు వేసినవాళ్లు ఇద్దరున్నారు. మిగతా వాటిల్లో ఒకటి నాది.

ఎన్నికల అధికారి కుమరేశన్ సార్ వచ్చారు. ముందు రోజు నుంచి నిద్ర లేని మొహం, కానీ మంచి మనిషే, ప్రతి కాగితాన్నీ వెలుతురుకి పెట్టి ఓపిగ్గా చూశారు.

"ఓటరు ఎవరో పోల్చేలా గుర్తు పెడితే ఓటు చెల్లదు. చేతికి ఉన్నది పొరపాటున అంటితే చెల్లుతుంది," అన్నారు తమిళంలో. "కానీ ఇరవైమూడు కాగితాలమ్మా, ఒకే చోట. పొరపాటని నేను ఎలా రాయను?"

"పొద్దున ఇళ్లలో పూజ చేసి వచ్చారు సార్, చేతులకి పసుపుంది, అదే అంటింది."

"ఆధారం?"

"వీడియో ఉంది సార్." నా నోట్లోంచి జారిపోయింది.

ఆయన మొహం కాస్త తేలికపడింది. "అయితే పోలీసుని తోడు తీసుకెళ్లి ఫోన్ తే. ఇద్దరు ఏజెంట్లకీ చూపించే చూస్తాను, అదే పద్ధతి. పూజ అని తేలితే మరకగానే రాస్తాను. పావుగంట టైమ్."

అప్పుడు శరత్‌కుమార్ నా వైపు వంగి, తెలుగులోకి మారాడు. గొంతు ఎంత మెత్తగా ఉందంటే, పలకరిస్తున్నాడనే అనుకుంటారు ఎవరైనా.

"తే పాపా, తే. నాకూ చూడాలనే ఉండాది. మా తోపులో కాయ వలిచేదెవురు, ఎవురి వేలికి పసుపుండాది, అంతా కనపడును గదా. ఆ పైన వాళ్ల కూలి సంగతి నేను చూసుకుంటాను. పొల్లాచ్చి దాకా ఏ తోపులోనూ వాళ్లకి పని దొరకదు."

"ఏమంటున్నాడు?" అని అడిగారు కుమరేశన్ సార్.

"ఒక ఊరివాళ్లం సార్, ఊరికే మాట్లాడుకుంటున్నాం," అన్నాడు శరత్‌కుమార్ నవ్వుతూ. నేను నోరు తెరిచేలోగా పక్క టేబుల్ దగ్గర ఏదో గొడవై ఆయన అటు వెళ్లిపోయారు.

ఎండలో గేటు దాకా నడిచాను, వెనక కానిస్టేబుల్. టోకెన్ ఇచ్చి ఫోన్ తీసుకుంటుంటే ఇనప ఊచల అవతల నుంచి పాండీశ్వరక్క లేచి వచ్చింది.

"ఎట్లుండాది కన్నూ? మొహమేంది అట్లుండాది?"

"ఇంకా లెక్క ఉంది అక్కా."

వీడియో చూపించనా అని ఆమెని అడగొచ్చు. చూపించమంటే ఇరవైరెండు ఇళ్ల పొయ్యిలు ఆమె పేరు చెప్పి ఆరిపోతాయి. వద్దంటే వాళ్లమ్మ పాడె ఆమెకి జన్మంతా కళ్లముందు మునుగుతూనే ఉంటుంది. అంత బరువు ఆమె మీద ఎలా పెట్టను? ఆమె వెనక, చింతచెట్టు నీడలో పళనియమ్మత్త టిఫిన్ డబ్బా తెరిచి ఉంది. తన బిడ్డకి జ్వరమని తోపులో అబద్ధం చెప్పి వచ్చింది. నన్ను చూసి డబ్బా పైకెత్తి అరిచింది.

"ఏమ్మే ఏజెంటమ్మా, ఆడ నీకు ఒక టీ అయినా పోసినారా, లేదా? రా, నిమ్మకాయ సాదం ఉండాది!"

వీడియోలో మొదటి మొహం ఆమెదే. వేలు కెమెరాకి చూపించి కన్ను కొడుతుంది.

నేను ఫోన్ తెరిచాను. నలభై ఏడు సెకన్లు. డిలీట్ నొక్కాను. నిజంగా తీసేయాలా అని ఫోన్ అడిగింది. మళ్లీ నొక్కాను. డిలీట్ చేసినవి నెల రోజులు దాక్కునే చోట ఒకటి ఉంటుంది, అక్కడికీ వెళ్లి అక్కడ కూడా నొక్కాను. కానిస్టేబుల్ ఆవలిస్తూ పక్కకి చూస్తున్నాడు.

"వీడియో లేదు సార్. పొరబడ్డాను," అన్నాను లోపలికొచ్చి.

కుమరేశన్ సార్ గడియారం చూసి, ముద్ర చేతిలోకి తీసుకున్నారు. ఇరవైమూడు గులాబీ కాగితాల మీద ఒక్కొక్కటిగా తిరస్కరణ ముద్ర పడింది. ఏది నాదో నాకూ తెలియలేదు, ప్రతి చప్పుడుకీ ఇదేనేమో అనుకున్నాను. పాండీశ్వరి నాలుగొందల నలభై, అమరావతి నాలుగొందల నలభై ఐదు. ఐదు ఓట్ల తేడాతో అమరావతి ప్రెసిడెంటు.

"పరవాలేదే, తెలివైనదానివే," అన్నాడు శరత్‌కుమార్ తెలుగులో. నేను ఫారం మీద సంతకం పెట్టాను.

మైకులో గెలిచినవాళ్ల ఓట్లు, ఓడినవాళ్ల ఓట్లు మాత్రమే చదివారు. చెల్లని ఓట్ల సంగతి బయట ఎవరికీ తెలియలేదు. పాండీశ్వరక్క బస్సులో కిటికీ పక్కన కూర్చుని వేళ్లు మడుస్తూ లెక్కపెట్టింది.

"ఐదు ఓట్లు. ముగ్గురు మారుంటే సాలు గదా, పాపా. మన వీధిలోనే ఎవురో ముగ్గురు నాకు వెయ్యలేదు."

ముందు సీట్లో పళనియమ్మత్త భుజాలు బిగుసుకోవడం నేను చూశాను.

ఇది జరిగి తొమ్మిది రోజులైంది. పాండీశ్వరక్కకి పాత ఉద్యోగం తిరిగి ఇవ్వలేదు. కుళాయి దగ్గర ఆమె పళనియమ్మత్త బిందెని కాలితో తన్నింది. "తోపు కూలి తిని నాకు గొయ్యి తవ్వినావు గదే!" అని అరిచింది. పళనియమ్మత్త బిడ్డ మీద ఒట్టు పెట్టింది, ఎవరూ నమ్మలేదు. ఆమె ఆ ఇద్దరిలో ఒకతా కాదా, నాకూ తెలియదు. ఇప్పుడు వీధిలో ఆడవాళ్లెవరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదు. నిన్న శ్మశానం దారికి ఇంకో వరస ముళ్లతీగ పడింది. తీగ లాగిన కూలీల్లో పళనియమ్మత్త మొగుడూ ఉన్నాడు.

నిజం చెబితే గొడవ ఆగిపోతుంది, నాకు తెలుసు. ఎవరూ మోసం చేయలేదు, పసుపు వల్ల ఓడిపోయామని చెప్పాలి. కానీ ఆ పసుపు కలిపింది మా అవ్వ. వెనక వైపు పెట్టమన్నది నా పాఠం విని. గెలిపించే వీడియో నా చేతిలో ఉండి కూడా తుడిచేసింది నేను. నా మాట ముదలాళి చెవిన పడితే ఆ ఇరవైరెండు మంది ఎవరని మళ్లీ వెతకడం మొదలవుతుంది.

ఇందాక అవ్వ పళ్లెం కడుగుతూ, తల ఎత్తకుండా అడిగింది.

"ఏమి కన్నూ, నేను అంత నమ్మి పెట్టినాను. నా పసుపు ఏంటికి పనిచెయ్యలేదు?"

అవ్వ పళ్లెం బోర్లించి, చేతులు తుడుచుకుని, నా మొహంలోకే చూస్తోంది. చెప్పండి, నా చోట మీరుంటే ఏం చేస్తారు?