రెండు పక్కలా కొసరు

ఆరు ఆర్లు ముప్ఫై ఆరు, ఏడు ఏళ్ళు నలభై తొమ్మిది, ఈ నలభై మాత్రం ఎటూ కాకుండా మధ్యలో వేలాడుతోంది, దీనికి వర్గమూలం ఎక్కణ్ణుంచి తేవడం, అయినా తిపాన్ సారు లెక్క చిన్నదే ఇచ్చాడు పాపం, ఎక్స్ వర్గానికి ఆరు ఎక్స్‌లు కలిపితే నలభై, ఎక్స్ ఎంత అని, బోర్డు దగ్గరికి పిలిచి దెల్ఫీనా చేతికి సుద్ద ఇచ్చాడు, బస్సు నడిపే విల్మెర్ వెనక బెంచీ నుంచి, కానియ్ అక్కా, బంగాళాదుంపలు తూచినంతసేపు పట్టదు అంటున్నాడు, వాడికేం, గట్టెక్కినవాడు ఎన్నయినా చెబుతాడు, ఈ లెక్కల పరీక్ష పోతే తనకు మూడోసారి పోయినట్టు, మూడుసార్లు పోయినవాళ్ళను ఈ పెద్దల బడిలో ఉంచరు, ఈ చదువు పూర్తయిందన్న కాగితం లేనిదే ఆసుపత్రిలో నర్సులకు సాయం చేసే పని నేర్పరు, అమ్మ మంచం పట్టినప్పుడు ఒకామె వచ్చి పక్క మార్చి, నొప్పిగా ఉందా అమ్మా అని ఎంత నెమ్మదిగా అడిగేదో, ఆ చేతుల్లాంటి చేతులు తనకూ కావాలి, అంతకు మించి ఈ జన్మకి ఇంకేమీ అక్కర్లేదు.

సరే, మళ్ళీ మొదట్నుంచి, ఆరులో సగం మూడు, మూడు మూళ్ళు తొమ్మిది, ఆ తొమ్మిది వేస్తే చదరం నిండుతుందన్నాడు సారు, వేసింది, ఎడమ పక్క ఎక్స్, మూడు కలిసి మొత్తానికి వర్గమై ముద్దుగా కూర్చున్నాయి, కుడి పక్క నలభై మొండికేసింది, తొమ్మిది ఎక్కడ వేశారు దెల్ఫీనాగారూ అంటున్నాడు సారు, ఎడమ పక్కన వేశాను సార్, మరి కుడి పక్కన, కుడి పక్కన ఎందుకు సార్, గదంతా ఒకటే నవ్వు, విల్మెర్, అక్క కొసరు వేసింది సార్, అంబాతో ఊరి సంతలో దుంపలమ్మే చెయ్యి ఊరుకోదు అంటున్నాడు, నోరు ముయ్యరా అనబోయి ఆగిపోయింది, నిజమే కదా, త్రాసు ముల్లు నిలబడ్డాక కొనేవాళ్ళ సంచిలో రెండు దుంపలు పడెయ్యడం తప్ప ఈ చేతికి ఇంకేం తెలుసు, అసలు కన్నా కొసరు ముద్దే పిల్లా, అది వెయ్యకపోతే మళ్ళీ మన కొట్టు ముఖం చూడరు అని అమ్మ ఒళ్ళో కూర్చోబెట్టుకుని నేర్పింది, సంచిలో వేస్తాం గానీ తూనికరాళ్ళ పక్కన ఎవరు వేస్తారు, ఇక్కడ మాత్రం ఈ పక్క వేస్తే ఆ పక్కా వెయ్యాలి, లేకపోతే సమానం అన్న గీతలు రెండూ పచ్చి అబద్ధం.

వేసింది, నలభైకి తొమ్మిది, నలభై తొమ్మిది, ఏడు ఏళ్ళు, అమ్మయ్య, గుండెల మీద నుంచి బస్తా దించినట్టయింది, ఎక్స్‌కి మూడు కలిస్తే ఏడు, అంటే ఎక్స్ నాలుగు, ఉండు ఉండు, మైనస్ ఏడుని ఏడుతో హెచ్చవేసినా, ఛ, మైనస్ ఏడుని మైనస్ ఏడుతో హెచ్చవేసినా నలభై తొమ్మిదే, అప్పుడు ఎక్స్ మైనస్ పది, రెండు మూలాలు, కవల పిల్లల్లా, తప్పా ఒప్పా అని సారు మొహం చూడబోయింది, ఎప్పుడూ అంతే, కూర కుదిరిందా అంటే మొగుడి మొహం, తూకం నచ్చిందా అంటే కొనేవాళ్ళ మొహం, ఇప్పుడు మాత్రం తల తిప్పబుద్ధి కాక, ఎక్స్ ఉన్నచోట నాలుగు పెట్టింది, పదహారూ ఇరవై నాలుగూ నలభై, మైనస్ పది పెట్టింది, వందలో అరవై పోతే నలభై, రెండూ సరిపోయాయి, సుద్ద కింద పెట్టింది, పాసయ్యారు దెల్ఫీనాగారూ అన్నాడు సారు, తెలుసు సార్ అంది, అన్నాక గానీ తెలియలేదు, తను చేసింది ఒప్పేనని ఎవరూ చెప్పకముందే తెలియడం పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదటిసారని.