నాలుగో పాట మీది గీత

సీడీ మీద టీ గ్లాసు పెట్టింది తాను కాదన్నాడు మోజెస్. గ్లాసు అతనిది, టీ అతనిది, సీడీ మీద గుండ్రంగా అంటుకున్న మరకా అతని టీదే. అయినా పెట్టింది మాత్రం తాను కాదు.

"మరెవులు పెట్టేరు? గ్లాసే నడిచొచ్చి కూకుందా?" అంది వాళ్ళమ్మ మణెమ్మ.

"టేబులు మీద వెల్లకిలా పడుందమ్మా. సాసరనుకున్నాను."

"అంటే నువ్వే పెట్టేవు."

"పెట్టేనని సెప్పలేదు. సాసరనుకున్నానన్నాను."

మోజెస్ భార్య ఎవాంజలిన్ ఆ తగువులోకి దిగలేదు. మెత్తటి పాత చీరముక్క తడిపి, సీడీని మధ్యలోంచి అంచుకి తుడుస్తోంది. అలాగే తుడవాలి, గుండ్రంగా తిప్పి తుడిస్తే పడే గీతలు పాట పొడుగునా పడతాయి. డిగ్రీలో ఫిజిక్సు చదివిన మనిషికి పెళ్ళయ్యాక ఆ చదువు అక్కరకొచ్చిన సందర్భాలు తక్కువ. అందుకే దొరికినదాన్ని వదలదలుచుకోలేదు.

ఆ ఇంట్లోనే కాదు, చోడవరం మొత్తం మీద పాడే స్థితిలో మిగిలింది ఆ ఒక్క సీడీయే. 2005లో వాళ్ళ చర్చి కోయిర్ అనకాపల్లిలో ఒక స్టూడియోకి వెళ్ళి ఎనిమిది పాటలు పాడి, వంద సీడీలు చేయించుకొచ్చింది. వాటిలో చాలావాటికి తరవాత వేరే ఉద్యోగాలు దొరికాయి. కొన్ని చిక్కుడు పందిళ్ళకు వేలాడుతూ పిట్టల్ని బెదిరిస్తున్నాయి. కొన్ని ఆటోల వెనక మెరుస్తున్నాయి. పాస్టరు గారింట్లో ఒకటి, నడుమ చిల్లున్నా సరే, మంచినీళ్ళ చెంబు మీద మూతగా కుదురుకుంది.

అందులో నాలుగో పాట మణెమ్మ ఒక్కర్తీ పాడింది. పాట రాసిందీ, హార్మోనియం వాయించిందీ ఆమె భర్త యెహోషువ. ఆయన పోయి పద్దెనిమిదేళ్ళయింది. ఎవాంజలిన్ ఆ ఇంటి కోడలై వచ్చేసరికే గోడ మీద ఫొటో అయిపోయారు.

గొడవంతా రెండో చరణంలో ఉంది. "ముళ్ళ బాటలో నా" అన్నాక గరగరమంటుంది. తరవాతి మాట వినపడదు. ఒక ప్లేయరులో ఎక్కిళ్ళు పెడుతుంది, ఇంకోదాంట్లో ఏకంగా మూడో చరణంలోకి దూకేస్తుంది. సీడీ మీద గీత పడిందని మణెమ్మ ఇరవయ్యేళ్ళుగా చెబుతోంది. గీతా లేదు గాడిదగుడ్డూ లేదు, మణెమ్మ ఆ ముక్క మింగేసిందని కోయిర్ లీడరు డెబోరా అదే ఇరవయ్యేళ్ళుగా చెబుతోంది. ఇద్దరూ ప్రతి ఆదివారం పక్కపక్కనే కూర్చుంటారు.

వచ్చే ఆదివారం చర్చికి డెబ్బై ఐదేళ్ళ పండగ. పాత పాటలు మైకులో వేసి, అందరి ఫోన్లకీ పంపుతారు. సోమవారం స్త్రీల కూటంలో డెబోరా లేచి, ఏడు పాటలే వేస్తామని, నాలుగోది తన మనవరాలి చేత కొత్తగా పాడించామని ప్రకటించింది. మణెమ్మకి ఆయాసం. ఇప్పుడు మంచం దగ్గర్నుంచి గుమ్మం దాకా నడవడానికే ఊపిరి చాలదు.

"ఆ పాట తీసేస్తే నాను ఆ కోయిర్‌లో ఉన్నట్టు రుజువేటి?" అంది ఇంటికొచ్చి. "ఒసే ఎవా, నువ్వు సదూకున్నదానివి కదా. ఆ గీత కింద నా మాట ఉంది. బైటికి తియ్యి."

మోజెస్ ముందు రంగంలోకి దిగాడు. ఆన్‌లైన్లో అప్పడమంత పల్చటి సీడీ డ్రైవు ఒకటి తెప్పించి, లాప్‌టాప్‌లో ముందునుంచీ ఉన్న ప్లేయరుతోనే నాలుగు నిమిషాల్లో ఎనిమిది పాటలూ దింపేశాడు. గరగర పోయింది. దాని స్థానంలో ఎవరో పిల్లి తోక తొక్కినట్టు వినిపించింది.

"క్లియర్‌గా వచ్చింది కదా?" అన్నాడు.

"పిల్లి క్లియర్‌గా వచ్చింది," అంది మణెమ్మ.

"చదవలేని చోట ఈ ప్లేయరు ఊహించి పూడ్చేస్తుందండీ," అంది ఎవాంజలిన్. "పరీక్షలో రానిదానికి ఏదో ఒకటి రాసేసే గుంటడిలాగ."

"మార్కులొస్తాయి కదేటి?"

"దిద్దేది డెబోరా ఆంటీ."

మోజెస్ లాప్‌టాప్ ఆమె వైపు జరిపాడు.

రెండు మధ్యాహ్నాలు ఎవాంజలిన్ ఫోన్లో అదే చదివింది. ఎక్కడెక్కడి దేశాల మగవాళ్ళో ఏ డ్రైవు మంచిదని పదిహేనేళ్ళుగా తిట్టుకుంటున్నారు. ముంచాలా చిలకరించాలా అని బాప్తిస్మం గురించి తన పుట్టింటివాళ్ళూ మేనత్త వాళ్ళూ కూడా అంతగా తిట్టుకోలేదు. ఆ తిట్లలోంచి పనికొచ్చేది ఏరుకుంది. సాఫ్ట్‌వేరు నిదానంగా, చదివిందే మళ్ళీ చదవాలి. చదవలేకపోతే పూడ్చకుండా, చదవలేకపోయానని రాసివ్వాలి. ప్రతి పాటకీ చివర ఒక అంకె ఇస్తుంది. రెండుసార్లు చదివినప్పుడు అదే అంకె వస్తే డ్రైవు ఉన్నదే చెప్పిందన్నమాట. అలాంటిది ఒకటి ఉచితంగానే దొరికింది. దాని మొహం చూస్తే పాతకాలం కరెంటాఫీసులో నింపిన ఫారంలా ఉంది. ఆమెకి వెంటనే నమ్మకం కుదిరింది.

ఆ సాఫ్ట్‌వేరు, ప్రపంచంలో ఇదే సీడీ దింపుకున్నవాళ్ళకి వచ్చిన అంకెలతో మన అంకె పోల్చి చూస్తుంది కూడా. పోల్చి చూసి, ఇలాంటి సీడీ ఎవరి దగ్గరా లేదంది.

"చోడవరం కోయిర్‌ని లండన్‌లో ఎవడు దింపుతాడే?" అన్నాడు మోజెస్.

మోజెస్ కొన్న డ్రైవు రెండుసార్లు చదివి రెండు అంకెలు చెప్పింది. మూడోసారి మూడోది చెప్పింది.

శుక్రవారం ఉదయం లాప్‌టాప్, సీడీ సంచిలో పెట్టుకుని, బస్టాండు వెనక దాసు కంప్యూటర్ షాపుకి వెళ్ళింది. పేరుకి కంప్యూటర్ షాపే గాని ఇప్పుడక్కడ జరిగేవి జిరాక్సులూ, ఫోను గ్లాసులూ. పాత సామాను వెనక గదిలో ఉంది.

"సీడీ డ్రైవా?" దాసు ఆమె వైపు జాలిగా చూశాడు. "పాటలన్నీ ఫోన్లోనే ఉన్నాయి కదక్కా!"

"ఇది లేదు. పెద్ద కంప్యూటర్లలో ఉండేవి కావాలి, బరువుగా ఉండేవి. ఎన్నున్నాయి?"

రెండు తెచ్చి దుమ్ము దులిపాడు. వాటిని లాప్‌టాప్‌కి తగిలించే వైరు కూడా వెతికిపెట్టాడు.

మొదటిది తళతళలాడుతోంది. నాలుగో పాట చదివి ఒక అంకె ఇచ్చింది. రెండోసారి కళ్ళు మూసి తెరిచేలోగా అదే అంకె ఇచ్చింది.

"అయిపోయిందక్కా, ప్యాక్ చేసెయ్యనా?"

"ఆగు. అంత తొందరగా ఎలా చదివింది?"

"మంచి డ్రైవు మరి!"

"చదవలేదు బాబూ. ఇందాక చెప్పింది గుర్తు పెట్టుకుని అదే అప్పజెప్పింది." సాఫ్ట్‌వేరులో ఒక గడిలో టిక్కు పెట్టింది. మొదట చదివింది మరిచిపోయి మళ్ళీ చదవమని దానర్థం. ఈసారి డ్రైవుకి చెమటలు పట్టాయి. అంకె మారిపోయింది.

"డ్రైవులకి కూడా కాపీ కొట్టడం తెలుసునా!" దాసు నోరు తెరిచాడు. జిరాక్సుకొచ్చిన ఇద్దర్నీ పిలిచి చూపించాడు. వాళ్ళు చూసి, ఏమీ అర్థం కాక, ఆధార్ కార్డులు జిరాక్సు తీయమన్నారు.

రెండోది పసుపుబారిపోయి ఉంది. తలుపు తెరుచుకోకపోతే దాసు గుద్దాడు. అది మూలుగుతూ, ఆగుతూ, వెనక్కి వెళ్ళి మళ్ళీ చదువుతూ, ఆ ఒక్క పాటకే పద్దెనిమిది నిమిషాలు తీసుకుంది. మళ్ళీ పద్దెనిమిది. అదే అంకె. మూడోసారీ అదే. కింద రిపోర్టులో "తప్పులు లేవు" అని ఇంగ్లీషులో రాసి వచ్చింది.

ఎవాంజలిన్ హెడ్‌ఫోన్లు పెట్టుకుంది.

గరగర లేదు. పిల్లీ లేదు. "ముళ్ళ బాటలో నా" అని మణెమ్మ గొంతు పాతికేళ్ళ పిల్ల గొంతులా పైకి లేచి, టక్కున ఆగిపోయింది. ఆ ఖాళీలో, మైకుకి దూరంగా, హార్మోనియం వెనకనుంచి ఒక మగగొంతు కంగారుగా ఆ మాట అందుకుంది: "పాదరక్షవైతివి." శ్రుతిలో లేదు. షట్టరు బయట ట్రాక్టరు వెళ్ళేదాకా ఆగి, మళ్ళీ వింది. మామగారి గొంతు ఆమె వినడం అదే మొదటిసారి.

పసుపు డ్రైవు సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చింది గాని, వెంటనే చెప్పలేకపోయింది. అత్తగారు రుజువు తెమ్మంటే డెబోరాకి పనికొచ్చే రుజువు తెచ్చింది. సాయంత్రం మోజెస్‌కి ముందు వినిపించింది. అతను తండ్రి గొంతు దగ్గర ఆపి, వెనక్కి జరిపి మళ్ళీ విన్నాడు. తరవాత, "పాట చివర్లో ఆ లైను మళ్ళీ పాడుతుంది కదా. అక్కడిది కత్తిరించి ఇక్కడ అతికించేద్దాం. ఎవులికి తెలుస్తాది?" అన్నాడు.

"నాకు తెలుస్తుంది," అంది ఎవాంజలిన్. "పైగా అతికిస్తే మావయ్యగారు పోతారు."

శనివారం పొద్దున్న హెడ్‌ఫోన్లు మణెమ్మ చెవులకి తగిలించింది. మణెమ్మ విన్నది. మొహం చిన్నబోయింది.

"ఇది డెబోరా వోళ్ళ తాలూకా డ్రైవేమో సూడు," అంది.

"దాసు తాలూకాదత్తా. మూడుసార్లు చదివించేను."

"ఇంకోసారి ఎయ్యి."

వేసింది. ఆ పూట ఏడుసార్లు వేసింది. నాలుగోసారి నుంచి మణెమ్మ తన గొంతు వచ్చే చోట తల పక్కకి తిప్పుకుని, ఆ ఒక్క మాట దగ్గర మాత్రం హెడ్‌ఫోన్లు రెండు చేతులతో నొక్కిపట్టుకోవడం కోడలు గమనించింది. లేచి చేపలు కడగడానికి వెళ్ళింది.

మధ్యాహ్నం ముగ్గురూ భోజనాలకి కూర్చున్నారు. మోజెస్ పులుసులో తలకాయ ముక్క తల్లి కంచంలో వేశాడు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పింది.

"ఆ పొద్దు అనకాపిల్లి బస్సులోనే మీ నాన్నతో దెబ్బలాడేను," అంది. "దేవుణ్ణి పట్టుకుని సెప్పులంటారేటి, మాట మార్సమన్నాను. మార్సనన్నారు. సరేలే అనుకున్నాను గాని, ఆ మైకు ముందు నోరు రాలేదు. ఇంటికొచ్చి గీత అన్నాను. అనగా అనగా నాకూ గీతే అయిపోయింది."

"మరి చివర్లో పాడేవు కదమ్మా?"

"అప్పుడు మీ నాన్న నాకేసి సూసేరు."

ఎవాంజలిన్ అత్తగారి కంచంలో ఇంకో గరిటె అన్నం వేసింది.

"డెబోరా ఆయన్ని కోయిర్‌లో పాడనిచ్చేది కాదు, కాకి గొంతని. నిజమే, కాకి గొంతే," అంది మణెమ్మ. "అయినా ఇను. రేపు పొద్దున్న కూటానికి ముందు డెబోరా దగ్గిరికి నానే ఎల్తాను. ఆ లైను నాను పాడలేదు, నీ మాటే నిజమని సెప్తాను. సెప్పి, ఎనిమిది పాటలూ ఎయ్యమంటాను. నాలుగోది కత్తిరింపులూ అతికింపులూ లేకుండా, ఎవా తీసింది తీసినట్టే ఎయ్యాలి. ఒప్పుకోకపోతే మైకు దగ్గిరే కూకుంటాను, ఆయాసంతోటి. ఎవులు లేపుతారో సూస్తాను. పులుసు ఇలా తే."