రెండుసార్లు తడితే

ఈ నాలుగో వరస కుట్టు నేనే వేశాను, ఇంకెవర్నీ అనుకుని లాభం లేదు, మూడు వరసలు చాలమ్మా అన్నాడు దర్జీ, నాకే మనసు ఆగలేదు, జాకెట్ పట్టుకుని గుంజే ఆట కదా జూడో, ఇన్ని దేశాల వాళ్ల ముందు మా అమ్మాయి వీపు మీద పేరు ఊడి వేలాడితే ఎంత నామోషీ, అని ఇంటికి తెచ్చి మళ్లీ చేత్తో కుట్టాను, ఇప్పుడు బ్లేడుతో ఒక్కో దారం తెంపుతుంటే గుడ్డ చిరుగుతోంది గానీ పేరు రావడం లేదు, పేరు తీసెయ్యమ్మా, చిన్న బ్యాచ్‌లో ఎవరికైనా ఇచ్చేద్దాం అంది పొద్దున ఆస్పత్రి నుంచి రాగానే, చెప్పులైనా విడవకుండా, ఉప్పు అయిపోయింది తెమ్మన్నంత మామూలుగా, మోచెయ్యి ఇక పూర్తిగా సాగదు, పోటీల మాట మర్చిపోండి అని డాక్టర్ అన్నప్పుడు ఏడ్చింది నేను, అది గోడ మీది ఎముకల బొమ్మ చూస్తూ కూర్చుంది, పదకొండేళ్లు ఆడింది, పిడుగు అని పిలిచేవాళ్లం, బరువు తూచే ముందురోజు నీళ్లు పుక్కిలించి ఉమ్మేసేది, గుక్క మింగితే యాభై రెండు కిలోలు దాటుతానేమోనని, ఆ వారమంతా నేను ఉల్లిపాయలు వేయించేదాన్ని కాదు, వాసనకే దానికి ఆకలేస్తుందని, జైల్లో ఇంతకన్నా బాగా పెడతారు అని సణిగేవారు మా ఆయన.

నిరుడు సెమీఫైనల్లో ఆ ఎర్రజడ పిల్ల దీని చేతిని తన కాళ్ల మధ్య ఇరికించి వెనక్కి విరిచింది, పాయింట్లలో మాదే పైచేయి, ఆట ముగియడానికి ఇంకా మూడు సెకన్లే ఉన్నాయి, అప్పుడు ఇది మ్యాట్ మీద తట్టింది, రెండుసార్లు, అంటే ఓడిపోయాను వదులు అని, తడితే అవతలివాళ్లు ఆ క్షణమే వదిలెయ్యాలి, చిన్నపిల్లలకు మొదటిరోజే నేర్పే నియమం అది, ఎర్రజడ వదిలేసింది, దీని మోచెయ్యి తనే నిమిరింది కూడా, ఇంటికొచ్చాక వడ్డిస్తూ నవ్వుతూనే అన్నాను, మూడంటే మూడు సెకన్లే పిడుగూ, నిన్ను కనడానికి నేను పంతొమ్మిది గంటలు ఓర్చుకున్నాను తెలుసా, మా ఆయన పొలమారేలా నవ్వారు, అదీ నవ్వింది, ఇక ఏడాదంతా అదే జోకు, టీ ఆలస్యమైతే, బాత్రూం తలుపు కొడితే, మూడు సెకన్లు ఓర్చుకోలేవుటే.

ఈసారీ సెమీఫైనల్లో ఎర్రజడే, అదే పట్టు, ఈసారీ పాయింట్లలో మాదే పైచేయి, గడియారంలో ఇంకా ఆరు సెకన్లు, దీని ఎడమ చెయ్యి పైకి లేచింది, గాల్లో ఆగింది, తట్టలేదు, ముఖం నేను కూర్చున్న వైపు తిప్పింది, ఓర్చుకో ఓర్చుకో అని అరుస్తూ నేను చప్పట్లు కొడుతున్నాను, ఎముక విరిగిన చప్పుడు అందులోనే కలిసిపోయింది, గంట మోగింది, గెలిచింది, ఫైనల్లో దిగలేక వెండి పతకం ఎడమ చేత్తో అందుకుంది.

జడ వెయ్యమ్మా అంటూ వచ్చి నా కాళ్ల ముందు నేల మీద కూర్చుంది, కుడి చెయ్యి తల దాకా రాదు, జాకెట్ పక్కన పెట్టి పాయలు తీస్తూ మొదలుపెట్టాను, ఇంకో డాక్టర్ ఉన్నాడట, ఇంకో ఆపరేషన్ చేస్తాడట, ఒక్క ఏడాది కష్టపడితే చాలు, నువ్వు ఓర్చుకోగలవే, పేరు తియ్యను, దాచిపెడతాను, అంటూనే ఉన్నాను, అది ఎడమ చెయ్యి వెనక్కి చాపి నా మోకాలి మీద తట్టింది, మెల్లగా, రెండుసార్లు, జడ బిగిసిందా అన్నాను, కాదన్నట్టు తలూపింది, మళ్లీ తట్టింది, రెండుసార్లే, నా వేళ్ల నుంచి పాయలు జారి విడిపోతున్నాయి, ఆ రోజు గాల్లో ఆగిన చెయ్యి ఇదే, ఎర్రజడ పట్టుకున్నది దీని మోచేతిని, దీన్ని పట్టుకున్నది నేను.